ముహూర్తం షాట్ ఒక్కటే దాచుకుంటే పెళ్ళి వీడియో అవదు: గగన్‌యాన్ బృందానికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇస్రో ఛైర్మన్ గారికి, మన మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ పనిలో ఉన్న ఇంజనీర్లకు, రేపు ఆ ప్రయోగాన్ని మా ఇళ్ళలోకి తీసుకొచ్చే దూరదర్శన్ వారికి,

అయ్యా, నేను నాయుడుపేటలో ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళి వీడియోలు తీసుకుని బతుకుతున్నవాణ్ణి. మా అత్తగారిల్లు సూళ్ళూరుపేట. శ్రీహరికోటలో పెద్ద రాకెట్ లేచినప్పుడల్లా ఆ ఇంటి కిటికీ రెక్కలు అదురుతాయి. మీతో నాకున్న చుట్టరికం అంతవరకే. రాకెట్ గురించి మీకు చెప్పేంతటివాణ్ణి కాను. కెమెరా గురించి, టేపు గురించి, ముఖ్యంగా చెరిపేసిన టేపు గురించి మాత్రం చెప్పగలను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. వీహెచ్ఎస్ రోజుల్లో క్యాసెట్ ఖరీదైన సరుకు. పెళ్ళి తీసి, మిక్సింగ్ చేయించి, మూడు గంటల క్యాసెట్ పార్టీకి ఇచ్చేశాక, మా దగ్గర మిగిలిన రా క్యాసెట్ (కెమెరాతో తీసిన అసలుది) మీదే ఇంకో పెళ్ళి తీసేవాళ్ళం. అందరం అంతే. ఒకసారి నాలుగైదేళ్ళ తర్వాత ఒకాయన షాపుకొచ్చారు. వాళ్ళమ్మ పోయింది. పెళ్ళిలో ఆమె వంటపందిరి దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంటే నేను తీశానట. ఆయనకి గుర్తుంది, నాకూ గుర్తుంది. ‘ఏమీ జరగట్లేదు’ అని మిక్సింగ్‌లో లేపేసిన షాట్ అది. ఆ క్యాసెట్ మీద అప్పటికి ఇంకో రెండు పెళ్ళిళ్ళు ఎక్కేశాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. టీ తాగి వెళ్ళిపోయారు.

నాసా కూడా ఇదే పని చేసిందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసినప్పుడు, నిజం చెప్తున్నాను, కాస్త ఊరట కలిగింది.

1969 జులై 20న ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టిన వీడియో మనమందరం చూశాం. మసకమసకగా, దెయ్యం నీడలా ఉంటుంది. అయితే చంద్రుడి మీదనుంచి బయల్దేరిన బొమ్మ అంత అధ్వాన్నంగా లేదు. అక్కడి కెమెరా సెకనుకు 10 ఫ్రేములు, 320 గీతలతో పంపేది. మామూలు టీవీకి అది సరిపడదు. అందుకని కింది స్టేషన్లలో ఆ బొమ్మని ఒక చిన్న మానిటర్ మీద వేసి, దానికెదురుగా ఇంకో టీవీ కెమెరా పెట్టి మళ్ళీ తీశారు. పాడైపోయిన క్యాసెట్లని మేం టీవీ ముందు కెమెరా పెట్టి తీసుకోమూ, అచ్చం అలాగే. ప్రపంచమంతా చూసింది ఆ రెండో చేతి బొమ్మని. అసలు సిగ్నల్ మాత్రం ఒక అంగుళం వెడల్పు టెలిమెట్రీ టేపుల (ఓడ పంపే కొలతలు రికార్డు చేసేవి) మీద రికార్డయింది. తర్వాతి ఏళ్ళలో ఉపగ్రహాల డేటాకి టేపులు చాలక, వేల టేపులతో పాటు వాటినీ చెరిపి మళ్ళీ వాడేశారు. ఏళ్ళ తరబడి వెతికి వెతికి 2009లో నాసావాళ్ళే ఆ మాట ఒప్పుకున్నారు. ఇక ఆస్ట్రేలియాలోనూ, అమెరికా టీవీ సంస్థల దగ్గరా మిగిలిన ప్రసారం కాపీలు ఏరుకొచ్చి, శుభ్రం చేయించి, నలభయ్యో వార్షికోత్సవానికి విడుదల చేశారు.

ఇందులో నాకు బాగా నచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆస్ట్రేలియాలో హనీసకిల్ క్రీక్ స్టేషన్లో ఎడ్ వాన్ రెనువార్డ్ అనే టెక్నీషియన్. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపిన ఆ క్షణం ప్రపంచానికి అందింది ఆ స్టేషన్ నుంచే. డ్యూటీలో ఉన్న ఈయన, తన సొంత సూపర్ 8 కెమెరాతో (ఇళ్ళలో వాడుకునే చిన్న ఫిల్ము కెమెరా) ఎదురుగా ఉన్న మానిటర్ని కాసేపు తీసిపెట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. అసలు టేపులు పోయాక, రెండో చేతికి మారకముందు ఆ బొమ్మ ఎలా ఉండేదో చెప్పడానికి మిగిలినవాటిలో ఆ చిన్న రీలు ఒకటి. ఆమధ్య ఒక సభలో కెమెరావాళ్ళం నలుగురం కలిస్తే ఈ సంగతి చెప్పాను. ‘వాళ్ళావిడ పుట్టినరోజుకి కొనుక్కున్న రీలై ఉంటుంది, ఇంటికెళ్ళాక తిట్లు తిని ఉంటాడు’ అన్నాడు మావాడొకడు.

చంద్రుడి మీదికి దిగుతున్నప్పటి 16 ఎం.ఎం. ఫిల్ము కూడా మీకు తెలిసిందే. దాన్ని తీసిన కెమెరా కుడివైపు, అంటే తోటి వ్యోమగామి ఆల్డ్రిన్ కిటికీకి బిగించి ఉంది. నడిపిన ఆర్మ్‌స్ట్రాంగ్ ఎడమవైపున్నాడు. బండరాళ్ళ గుంతని చూసి ఆఖరి నిమిషాల్లో ఓడని అవతలికి నడిపించింది ఆయన. ఆ కళ్ళకి కనబడింది ఏ ఫిల్ములోనూ లేదు. యాభై ఏళ్ళ తర్వాత, చంద్రుడి చుట్టూ తిరిగే ఉపగ్రహం పంపిన ఫోటోలు పెట్టుకుని, ఆయనకి ఎలా కనబడి ఉంటుందో కంప్యూటర్లో అల్లాల్సొచ్చింది. చంద్రుడి మీద ఆయన కనబడే స్టిల్ ఫోటోలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఎందుకంటే ఎక్కువసేపు కెమెరా ఆయన చేతిలోనే ఉంది. ఫోటోగ్రాఫర్ పెళ్ళి ఆల్బంలో ఎందుకుండడో మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక కలుపుడు సంగతి. ఆర్మ్‌స్ట్రాంగ్ వెళ్ళిన ఆ అపోలో 11 గురించి ఏ డాక్యుమెంటరీ పెట్టినా ఒక షాట్ తప్పకుండా వస్తుంది. రాకెట్ అంతస్తు ఒకటి ఊడి, దాని చుట్టూ ఉన్న రింగు మంటల్లో మెరుస్తూ, తిరుగుతూ భూమివైపు జారిపోతుంది. కళ్ళు తిప్పుకోలేం. ఆ షాట్లు 1967లో అపోలో 4, 1968లో అపోలో 6 ఎగిరినప్పుడు తీసినవి. వాటిలో మనిషే లేడు. కెమెరా ఉన్న డబ్బా పారాచూట్‌తో సముద్రంలో పడితే, ఏరుకొచ్చి కడిగిన ఫిల్ము అది. 1989లో వచ్చిన ఒక పేరున్న డాక్యుమెంటరీ ఇంకా ముందుకెళ్ళి, అపోలో ప్రయాణాలన్నిటినీ కలిపి ఒకే ప్రయాణంలా కుట్టింది, మధ్యలో 1965లో జెమిని 4 ఓడ బయట అంతరిక్షంలో చేసిన నడకని కూడా పెట్టి. అందం వరకు అందమే. నేనూ తక్కువ తినలేదు. తిరుమల గోపురం మీద సూర్యోదయం, మొగ్గ విచ్చుకునే తామరపువ్వు – ఒకే షాట్ రెండొందల పెళ్ళిళ్ళకి వాడాను. పెళ్ళికొడుకు తండ్రి ఏమీ అనుకోడు. చరిత్రకి అలా కుదరదు. ఏ షాట్ ఏ రోజుదో రాసి పెట్టకపోతే, యాభై ఏళ్ళ తర్వాత చూసేవాడికి ఒకటే తోస్తుంది: ‘ఇదే అబద్ధమైతే మిగతాది నిజమేంటి?’ మనుషులు చంద్రుడి మీదికి వెళ్ళనే లేదనేవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. వాళ్ళతో వాదించేటప్పుడు ఈ కలిపి కుట్టినవన్నీ నాకే అడ్డం పడతాయి.

దాచడం ఇంకో జబ్బు. 1961 ఏప్రిల్ 12న అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మనిషి, సోవియట్ గగారిన్, 108 నిమిషాల్లో భూమిని చుట్టొచ్చాడు. ఎగిరే ముందు ఆయన ‘పయేఖలి’ అన్న మాట, మన భాషలో ‘ఇక పోదాం’, టేపు మీద ఉండబట్టి ఈనాటికీ వింటున్నాం. కానీ ఆయన్ని మోసుకెళ్ళిన రాకెట్ అసలు రూపం 1967 పారిస్ ఎయిర్ షో దాకా జనానికి చూపలేదు. దాన్ని తయారుచేసిన కొరొల్యోవ్ పేరు 1966లో ఆయన చనిపోయాకే పేపర్లో పడింది. గగారిన్ చివర్లో ఓడలోంచి బయటికి ఎగిరి, విడిగా పారాచూట్‌తో దిగాడన్నది కూడా ఏళ్ళ తరబడి మింగేశారు. అంత దాచినవాళ్ళ కెమెరాకి ఒకటి మాత్రం దొరికిపోయింది. రెండు రోజుల తర్వాత మాస్కోలో ఎర్ర తివాచీ మీద ఆయన సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ దగ్గరికి కవాతు చేసుకుంటూ వస్తుంటే, కాలి దగ్గర ఏదో ఊడి వేలాడుతూ ఉంటుంది. షూ లేసని కొందరు, మేజోడు పట్టీ అని కొందరు. చూసేవాళ్ళకి ఊపిరాడదు, తొక్కి పడతాడేమోనని. ఆ షాట్ తీసేద్దామని ఎవరికో ఒకరికి అనిపించే ఉంటుంది. తీసేయలేదు. ప్రపంచం ఆ మనిషిని ప్రేమించింది సగం అందుకే అని నా నమ్మకం.

కెమెరా అలంకారం కాదని తెలియడానికి, కిందికి దిగుతూ ముక్కలైపోయిన అమెరికా షటిల్ కొలంబియా ఒక్కటి చాలు. 2003 ఫిబ్రవరి 1. పుష్య అమావాస్య, పెళ్ళిళ్ళు లేవు, షాపులోనే ఉన్నాను. రాత్రి ఏడున్నర దాటాక టీవీలో ఆకాశం మీద తెల్లటి చారలు చూపించడం మొదలుపెట్టారు. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు. దానికి పదహారు రోజుల ముందు, ఎగిరిన 82వ సెకను ప్రాంతంలో, ఇంధనం ట్యాంకు నుంచి నురగ ముక్క ఊడి ఎడమ రెక్కకి తగలడం ఫిల్ములో పడింది. మర్నాడే ఇంజనీర్లు చూశారు. ఎంత దెబ్బ తగిలిందో తేల్చుకోలేకపోయారు, ఎందుకంటే బాగా కనబడాల్సిన కోణంలో ఉన్న కెమెరా ఫోకస్ సరిగ్గా లేదు. ఉపగ్రహాలతో ఫోటోలు తీయించమని వాళ్ళు అడిగితే పైవాళ్ళు వద్దన్నారు. నేను పాతికమంది కుర్రాళ్ళకి ఈ పని నేర్పాను. తలంబ్రాల్లో ఫోకస్ పోగొట్టినవాణ్ణి ఇంతవరకు చెయ్యెత్తి కొట్టలేదు గానీ, కొలంబియా కథ మాత్రం చెప్పాను.

తర్వాత టెక్సాస్‌లో రాలిన ముక్కల మధ్య ఒక వీడియో టేపు దొరికింది. సుమారు 13 నిమిషాలది. దిగేటప్పుడు లోపల వాళ్ళే తీసుకున్నది. గ్లవుజులు తొడుక్కుంటున్నారు, కిటికీ బయట వేడికి మెరుస్తున్న వెలుగు చూసి ముచ్చటించుకుంటున్నారు. ఇబ్బంది మొదలవడానికి కొన్ని నిమిషాల ముందే ఆగిపోతుంది. ఏమీ జరగని 13 నిమిషాలు. వంటపందిరి దగ్గర వెల్లుల్లి ఒలిచిన ఆ పెద్దావిడ లాంటివి.

ఏది చరిత్ర అవుతుందో ముందు తెలియదు, నా గోల అంతా అదే. 1970 ఏప్రిల్ 13న అపోలో 13 లోపలినుంచి ముగ్గురూ టీవీ కార్యక్రమం పంపితే అమెరికా చానళ్ళు ఏవీ వేయలేదు. చంద్రయాత్ర అప్పటికే పాతబడిపోయింది. అది ముగిసిన కొద్ది నిమిషాలకే ఆక్సిజన్ ట్యాంకు పేలింది. తర్వాత అదే చానళ్ళు కాచుక్కూచున్నాయి. అదే మరి, శ్రద్ధ పెట్టి కెమెరా పట్టినవాడికి ఏం దక్కుతుందో చూడాలంటే 1972 డిసెంబరులో అపోలో 17 చంద్రుడి మీదనుంచి లేచిన షాట్ చూడండి. అక్కడ వదిలేసిన రోవర్ (చంద్రుడి మీద తిరిగే బండి) మీద కెమెరా ఉంది, దాన్ని తిప్పే ఎడ్ ఫెండెల్ ఇక్కడ భూమ్మీద, అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉన్నాడు. ఆయన మీట నొక్కితే అక్కడికి చేరడానికి సెకను పైన పడుతుంది, బొమ్మ తిరిగి రావడానికి ఇంకో సెకను పైన. కళ్ళతో చూసి తిప్పితే అప్పటికే ఓడ ఫ్రేములో ఉండదు. అపోలో 15లో కెమెరా పైకి తిరగలేదు. 16లో రోవర్ ఉండాల్సిన దూరంలో లేక ఓడ చటుక్కున జారిపోయింది. మూడోసారి ఆయన లెక్క కట్టుకుని, ఓడ ఇంకా కదలకముందే మీట నొక్కాడు. ఓడ లేచింది, దాంతో పాటే కెమెరా మెడ ఎత్తింది. మా వృత్తిలో ఇంతకంటే గొప్ప పనితనం నేను చూడలేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి.

1984 ఏప్రిల్లో రాకేశ్ శర్మ గారు సోవియట్ ఓడ సోయుజ్ టి-11లో అంతరిక్షానికి వెళ్ళారు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు అరవైమందిమి కూర్చున్నాం. ఇందిరా గాంధీ గారు అడగడం, ఆయన ‘సారే జహాసే అచ్ఛా’ అనడం ఈ దేశంలో తెలియనివారు లేరు. మరి ఆయన అక్కడున్నది 7 రోజుల 21 గంటల 40 నిమిషాలు. సల్యూత్ 7 అనే అంతరిక్ష కేంద్రంలో యోగాసనాల మీద పరిశోధన చేశారు, మన దేశాన్ని పైనుంచి ఫోటోలు తీశారు. వీధిలో ఎవరినైనా ఆపి అడగండి, ఆ ఒక్క వాక్యం తప్ప ఇంకేదీ చెప్పలేరు. దాదాపు ఎనిమిది రోజుల పెళ్ళిలో మనం దాచుకున్నది ఒక్క ముహూర్తం షాట్.

ఎద్దులబండి మీద ఉపగ్రహం ఫోటో చూడండి, 1981 నాటి యాపిల్ అనే మన ఉపగ్రహానిది. ఇప్పటికీ అది సెల్‌ఫోన్లలో తిరుగుతూనే ఉంది, ‘ఎంత పేదరికంలోంచి ఎక్కడికొచ్చాం’ అనే మాటతో. అసలు సంగతి వేరు కదా. యాంటెన్నా పరీక్షకి లోహం అడ్డం రాని బండి కావాల్సొచ్చింది, చెక్కబండి కట్టించారు. అది తెలివి, లేమి కాదు. ఆ రోజు పక్కన ఒక కెమెరా తిరుగుతూ, అక్కడున్న ఇంజనీర్ల మాటలు రికార్డై, అవి కూడా ఆ ఫోటోతో పాటే జనంలోకి వచ్చి ఉంటే, ఇన్నేళ్ళు మన మీద మనమే జాలిపడేవాళ్ళం కాదు.

పోగొట్టుకోవడంలో తెలుగువాళ్ళం మనం ఎవరికీ తీసిపోం. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే లేదు. అది ఏ రోజున విడుదలైందో పాత పేపర్లు తిరగేసి తేల్చుకోవాల్సిన గతి పట్టింది. గగన్‌యాన్‌కి ఆ గతి పట్టకూడదని ఈ ఉత్తరం.

ముగ్గుర్ని 400 కిలోమీటర్ల ఎత్తుకి పంపి, మూడు రోజులుంచి, సముద్రంలోకి దించి తెస్తామంటున్నారు. ప్రయోగం రోజు కెమెరాలు ఎటూ ఉంటాయి. నేనడిగేది మిగతా రోజుల గురించి. కొలతలు తప్పిన రోజు, వాల్వు కారిన రోజు, అర్ధరాత్రి టీ తెచ్చిన మనిషి, పారాచూట్ మడతపెట్టే చేతులు. 2019లో వచ్చిన ‘అపోలో 11’ డాక్యుమెంటరీకి అంత బలం ఎక్కడిది? ఆర్కైవులో యాభై ఏళ్ళు మూతపడి ఉన్న 70 ఎం.ఎం. రీళ్ళు, 11,000 గంటల కంట్రోల్ రూం మాటలు. వ్యాఖ్యానం ఒక్క ముక్క లేదు. కార్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్న జనం, కన్సోల్ ముందు గడియారం చూసుకునే కుర్రాళ్ళు, అంతే. మీ కంట్రోల్ రూములో హెడ్‌సెట్లలో మాట్లాడుకునే మాటలు రికార్డు చేసి పెట్టండి. అందులో మన యాసలు కూడా ఉంటాయి కదా, సూళ్ళూరుపేట నుంచి రోజూ బస్సెక్కి వచ్చేవాళ్ళవి. రహస్యమైనవి ఇప్పుడే ఇమ్మని అడగను, ఇరవై ఏళ్ళు తాళం వేసుకోండి, ముప్ఫై ఏళ్ళు వేసుకోండి. చెరపకండి. డబ్బా మీద తేదీ, స్థలం, తీసినవాడి పేరు రాయండి. రెండు కాపీలు రెండు ఊళ్ళలో పెట్టండి.

తాళం అక్కర్లేనివి మాత్రం జనానికి వదిలేయండి. నాసా తీసిన బొమ్మలకి చాలావరకు కాపీరైటు లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. మా పాప స్కూలు ప్రాజెక్టుకి రాకెట్ వీడియో కావాలంటే మొదట దొరికేది ఫ్లారిడాది. శ్రీహరికోట వాళ్ళమ్మమ్మగారి మిద్దెకి కూతవేటు దూరం.

ఆ మిద్దె మీదే 2023 అక్టోబరు 21న నా కెమెరా స్టాండు వేశాను, గగన్‌యాన్ మొదటి టెస్ట్ వెహికల్ (పరీక్ష రాకెట్) ప్రయోగం టీవీ-డీ1 కోసం. ఎనిమిదింటికన్నారు, మబ్బు పట్టి జరిగింది. ఎనిమిదీ ముప్పావు దగ్గర లెక్క ఐదు సెకన్ల దాకా వచ్చి ఆగిపోయింది. మా బావమరిది ఫోనులో లైవు చూస్తూ ‘ఆగిందిరా’ అన్నాడు. పక్క మిద్దె మీద ఒకాయన ‘ఇంకేం పోతుంది, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి’ అని కిందికి దిగాడు. నేను కెమెరా ఆపలేదు. మీవాళ్ళు తప్పేంటో పట్టుకుని, సరిచేసి, పదింటికి ఎగరేశారు. ఇడ్లీలాయన చేతిలో ప్లేటుతోనే పరుగెత్తుకొచ్చాడు, చట్నీ మెట్ల మీద ఒలికిపోయింది.

గంటన్నర పైగా ఉంది, ఎక్కువభాగం మబ్బు, కాకులు, మా అత్తగారి గొంతు. తేదీ, టైము, చోటు రాసి బీరువాలో పెట్టాను. మీకు పనికొస్తుందనుకుంటే మనిషిని పంపండి, ఇచ్చేస్తాను. కాపీ చేసుకుని కార్డు మాత్రం మర్చిపోకుండా తిరిగి పంపించండి.

ఇట్లు,
నాయుడుపేట నుంచి ఒక వీడియోగ్రాఫర్